తాకకుండా వేరు చేయడం: సన్నటి చానెళ్లలో కణాల వరస

(హైదరాబాద్‌లో ఒక ఆదివారం సాయంత్రం డిగ్రీ, ఇంజనీరింగ్ విద్యార్థులు, ల్యాబ్ టెక్నీషియన్లు, సైన్స్ అంటే ఇష్టమున్న పెద్దల ముందు చేసిన ప్రసంగం. మాట్లాడినట్టే ఉంచాం, అక్కడక్కడ వాక్యాలు మాత్రం సరిచేశాం.)

అందరికీ నమస్కారం.

వానలు మొదలైతే మన ఊళ్లో ఇంటింటా వినబడే ప్రశ్న ఒకటుంది: "ప్లేట్‌లెట్స్ ఎంతున్నాయి?" రెండు రోజులు జ్వరం తగ్గకపోతే డాక్టరు సీబీపీ రాస్తారు. వీధి చివర డయాగ్నస్టిక్ సెంటర్‌లో రక్తం ఇచ్చి వస్తాం. సాయంత్రానికి రిపోర్టు వాట్సాప్‌లో వస్తుంది. లక్షన్నర పైన ఉంటే కుదుటపడతాం, యాభై వేలంటే ఇంటిల్లిపాదికీ టెన్షన్. ఆ అంకె వెనకాల జరిగే పని గురించే ఇవాళ మాట్లాడతాను. ద్రవంలో కొట్టుకుపోతున్న కణాలను ఒక వరసలోకి తేవడం ఫోకసింగ్. అలా వచ్చినవాటిని రకాలవారీగా వేరు చేయడం సార్టింగ్. ఈ రెండూ వెంట్రుక మందం ఉన్న చానెళ్లలో ఎలా చేస్తారు, అందులో ఏది మనకు పనికొస్తుంది అన్నదే విషయం.

చాలా సీబీపీ మెషీన్లలో కణాలను లెక్కపెట్టే పద్ధతికి వాలెస్ కౌల్టర్ అనే అమెరికన్ 1953లో పేటెంట్ పొందాడు. ఉప్పునీళ్లలో పలచన చేసిన రక్తాన్ని చాలా చిన్న రంధ్రం గుండా లాగుతారు. రంధ్రానికి అటూ ఇటూ కరెంటు ఉంటుంది. కణం ఆ రంధ్రంలో దూరిన క్షణాన తనంత ఉప్పునీటిని పక్కకు నెడుతుంది. కణం గుండా కరెంటు సరిగా పోదు కాబట్టి నిరోధం పెరిగి ఒక పల్స్ వస్తుంది. పల్స్ ఎత్తు చూస్తే కణం ఎంత పెద్దదో తెలుస్తుంది, పల్స్‌లు లెక్కపెడితే ఎన్ని ఉన్నాయో తెలుస్తుంది. ప్లేట్‌లెట్ అయితే 2, 3 మైక్రాన్లు. ఎర్ర రక్తకణం 8 మైక్రాన్ల వెడల్పు, 2 మైక్రాన్ల మందం. తెల్ల రక్తకణాలు చాలావరకు 10 నుంచి 15. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల ప్రాంతంలో ఉంటుంది.

ఇక్కడే చిక్కు మొదలవుతుంది. రెండు కణాలు ఒకేసారి దూరితే మెషీన్ వాటిని ఒక పెద్ద కణం అనుకుంటుంది. ఒక కణం రంధ్రం నడిమధ్య నుంచి పోకుండా అంచు రాసుకుంటూ పోతే, అక్కడ విద్యుత్ క్షేత్రం వేరుగా ఉంటుంది కాబట్టి పల్స్ ఆకారం చెడిపోతుంది, పరిమాణం తప్పుగా వస్తుంది. అంటే లెక్క సరిగ్గా రావాలంటే కణాలు ఒకదాని వెనక ఒకటి, సరిగ్గా మధ్యలోంచి నడవాలి. అందుకని శాంపిల్ చుట్టూ శుభ్రమైన ద్రవాన్ని తొడుగులాగా పారిస్తారు. బయటి ద్రవం వేగంగా పారుతూ లోపలి శాంపిల్‌ను సన్నని ధారగా నొక్కుతుంది. దీన్ని పి. జె. క్రాస్‌లాండ్-టేలర్ 1953లోనే చూపించారు. ఇవాళ పెద్ద ఆసుపత్రుల్లో ఉన్న ఫ్లో సైటోమీటర్లు (కణాలను ఒక్కొక్కటిగా లేజర్ ముందు నడిపించి చూసే మెషీన్లు) చాలావరకు ఈ తొడుగు మీదే నడుస్తున్నాయి.

లెక్కపెట్టడం నుంచి వేరు చేయడం దాకా పోయింది 1965లో. అమెరికాలోని లాస్ అలమోస్ ల్యాబ్‌లో మాక్ ఫుల్‌వైలర్ కణాల ధారను చిన్న చిన్న బిందువులుగా తెంపి, కావలసిన కణం ఉన్న బిందువుకు విద్యుదావేశం ఇచ్చి, విద్యుత్ క్షేత్రంతో పక్కకు వంచాడు. కొన్నేళ్లకే స్టాన్‌ఫర్డ్‌లో లియొనార్డ్ హెర్జెన్‌బర్గ్ బృందం కణాలకు మెరిసే రంగు పూసి, ఆ మెరుపును బట్టి ఏరడం మొదలుపెట్టింది.

ఈ మెషీన్ మన పల్లెలకు దూరమైనది అనుకోకండి. పాడి రైతులకు ఇప్పుడు పెయ్య దూడలే పుట్టే అవకాశం ఎక్కువగా ఉండే సెమెన్ దొరుకుతోంది. దాన్ని తయారు చేసే ప్రధాన పద్ధతి ఇదే. ఆవుల్లో ఎక్స్ క్రోమోజోమ్ ఉన్న వీర్యకణంలో, వై ఉన్నదానికంటే డీఎన్ఏ సుమారు 4 శాతం ఎక్కువ. డీఎన్ఏకు అంటుకునే రంగు వేస్తే ఎక్స్ కణం ఆ కాస్త ఎక్కువగా మెరుస్తుంది. అయితే వీర్యకణం తల గుండ్రంగా ఉండదు, బల్లపరుపుగా తెడ్డులా ఉంటుంది. లేజర్‌కు అది తన వెడల్పాటి ముఖం చూపిందా, అంచు చూపిందా అన్నదాన్ని బట్టి వచ్చే తేడా 4 శాతం కంటే చాలా ఎక్కువ. కాబట్టి ధార బయటికొచ్చే సూది మొనను ఏటవాలుగా చెక్కుతారు. ఆ చెక్కుడు వల్ల ధార రిబ్బన్‌లా చదునై, తలలు ఒకే దిక్కుకు తిరుగుతాయి. 4 శాతం తేడాను పట్టుకోగలగడానికి సగం కారణం లేజర్, మిగతా సగం ఆ సూది మొన. నా విద్యార్థులకు నేను పదేపదే చెప్పేది ఇదే. కణం ఎక్కడుందో, ఎటు తిరిగి ఉందో మీ చేతిలో లేకపోతే, ఎంత ఖరీదైన డిటెక్టర్ పెట్టినా లాభం లేదు.

మరి ఇంత బాగా పనిచేసే మెషీన్ ఉండగా ఇంకేం కావాలి? ఒక లెక్క చూడండి. ఒక మిల్లీలీటరు రక్తంలో ఎర్ర కణాలు సుమారు 500 కోట్లు. సెకనుకు 10,000 కణాల చొప్పున ఒక్కొక్కటే చూసుకుంటూ పోతే ఆ ఒక్క మిల్లీలీటరుకు దాదాపు 6 రోజులు పడుతుంది. ఇప్పుడు క్యాన్సర్ రోగి రక్తంలో గడ్డ నుంచి విడిపోయి తిరిగే కణాలను వెతకాలి అనుకోండి. అలాంటివి ఉన్నాయని ఆస్ట్రేలియాలో థామస్ ఆష్‌వర్త్ అనే వైద్యుడు 1869లోనే రాశాడు. అవి మిల్లీలీటరుకు చాలాసార్లు పది కూడా ఉండవు. 500 కోట్లలో పది. ఒక్కొక్కదాన్నీ ప్రశ్నించి పంపే పద్ధతితో ఇది తెమిలే పని కాదు. కణాలన్నీ ఒకేసారి పారుతూ, తమ పరిమాణాన్ని బట్టి తామే వేరే వేరే దారులు పట్టాలి. అది సాధ్యమేనా?

సాధ్యం కాదని చెప్పడానికి గట్టి కారణమే ఉండేది. ఇక్కడ కాస్త ఆగి, నెమ్మదిగా చూద్దాం. నాకు ఈ మొత్తం సబ్జెక్టులో అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే.

1883లో మాంచెస్టర్‌లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ గాజు గొట్టంలో నీళ్లు పారించి, మధ్యలో రంగు వదిలి చూశాడు. వేగం తక్కువైతే రంగు తిన్నగా దారంలా సాగింది, ఎక్కువైతే సుళ్లు తిరిగి కలిసిపోయింది. ఈ రెంటినీ విడదీసే అంకెనే ఆయన పేరుతో రేనాల్డ్స్ సంఖ్య అంటాం. ద్రవం తన జడత్వం కొద్దీ ముందుకు దూసుకుపోవాలని చూస్తుంది, దాని చిక్కదనం పట్టి ఆపుతుంది. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేదే ఆ సంఖ్య. సన్నటి చానెళ్లలో ఈ సంఖ్య చాలా చిన్నది, చాలాసార్లు ఒకటి లోపే. అందుకని ఇలాంటి చానెళ్లలో ద్రవాలను నడిపే మైక్రోఫ్లూయిడిక్స్ వాళ్లు చాలాకాలం జడత్వాన్ని లెక్కలోంచి తీసేశారు. తీసేస్తే సమీకరణం కూడా సులువవుతుంది.

జడత్వం లేని ప్రవాహానికి ఒక లక్షణం ఉంది. పంపును వెనక్కి తిప్పితే ప్రతి బిందువూ వచ్చిన దారినే వెనక్కి పోతుంది. ఇప్పుడు తిన్నని గుండ్రటి గొట్టంలో ఒక గట్టి గోళం పారుతోంది అనుకోండి. అది పారుతూ పారుతూ గోడ వైపు జరుగుతోందని వాదించండి. పంపు వెనక్కి తిప్పాం. వచ్చిన దారినే పోవాలి కాబట్టి ఇప్పుడది మధ్యకు జరగాలి. కానీ వెనక్కి పారే గొట్టానికీ ముందుకు పారే గొట్టానికీ తేడా ఏముంది? గొట్టం అదే, గోళం అదే, మనం అటు చివర నిలబడి చూస్తే ప్రవాహం ముందుకే. అంటే అది మళ్లీ గోడ వైపే జరగాలి. మధ్యకూ జరగాలి, గోడకూ జరగాలి. రెండూ కుదరవు. కుదిరేది ఒక్కటే, అసలు పక్కకు జరగకపోవడం. ఒక్క సమీకరణం రాయకుండా తేలిపోయింది: జడత్వం లేకపోతే గోళం ఏ గీత మీద మొదలైందో ఆ గీత మీదే చివరిదాకా పోతుంది.

1961లో సెగ్రే, సిల్బర్‌బర్గ్ అనే ఇద్దరు ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు ప్రయోగం చేసి చూస్తే గోళాలు జరిగాయి. సెంటీమీటరు వెడల్పు గొట్టం, మిల్లీమీటరు ప్రాంతం గోళాలు. ఎక్కడ పడితే అక్కడ లోపలికి వెళ్లిన గోళాలు కొంత దూరం పోయాక ఒక వలయంగా కుదురుకున్నాయి. ఆ వలయం మధ్య నుంచి గోడకు ఉన్న దూరంలో 0.6 వంతు దగ్గర ఉంది. నడిమధ్యలోనూ కాదు, గోడ పక్కనా కాదు.

కారణం ఇది. గొట్టంలో ద్రవం వేగం మధ్యలో ఎక్కువ, గోడ దగ్గర సున్నా. మధ్య నుంచి గోడకు పోయేకొద్దీ వేగం తగ్గే తీరు ఒకేలా ఉండదు, గోడకు దగ్గరయ్యేకొద్దీ ఇంకా నిటారుగా పడిపోతుంది. ఈ వంపు వల్ల గోళానికి రెండు పక్కలా ఒత్తిడి సమంగా ఉండక, అది గోడ వైపు నెట్టబడుతుంది. గోడకు దగ్గరైతే గోళానికీ గోడకూ మధ్య ఇరుకులో ఒత్తిడి పెరిగి వెనక్కి తోస్తుంది. రెండు తోపులూ సమానమైన చోట గోళం కుదురుకుంటుంది. రెండు తోపులూ జడత్వం నుంచి పుట్టినవే. చిన్నదని కొట్టేసిన పదమే ఈ పని చేస్తోంది.

దాన్ని చిప్‌లోకి, అంటే సన్నటి చానెళ్లున్న చిన్న పలకలోకి తెచ్చి, గట్టిగా ఉపయోగించుకున్నది 2007లో దినో డి కార్లో, మెహ్మెట్ టోనర్, వాళ్ల సహచరులు. 50 మైక్రాన్ల వెడల్పు చానెల్ తీసుకోండి. నీటిని సెకనుకు మీటరు వేగంతో తోయండి. రేనాల్డ్స్ సంఖ్య 50 ప్రాంతంలో వస్తుంది. ప్రవాహం ఇంకా తిన్నగానే ఉంది, సుళ్లు లేవు, కానీ జడత్వాన్ని పక్కన పెట్టే వీలు లేదు. గుండ్రటి గొట్టంలో వలయం వచ్చినట్టు, చతురస్రపు చానెల్‌లో నాలుగు గోడల ఎదుటా నాలుగు వరసలు వస్తాయి. వెడల్పు తగ్గించి ఎత్తు పెంచితే పొడవాటి గోడల ఎదుట రెండే వరసలు మిగులుతాయి. చానెల్ పొడవు మూడు నాలుగు సెంటీమీటర్లు. కణం లోపల ఉండేది సెకనులో ఇరవై అయిదో వంతు. అంతలో కుదురుకోవడం అయిపోతుంది. అదే కణాన్ని కదలని నీళ్లలో వదిలేసి, అణువుల తాకిడికి దానంతట అది 50 మైక్రాన్లు పక్కకు జరగనిద్దామంటే, 10 మైక్రాన్ల కణానికి గంటలు గంటలు పడుతుంది.

(తెర మీద వీడియో) ఇది చూడండి. మెరిసే రంగు వేసిన 10 మైక్రాన్ల పాలిస్టైరిన్ పూసలు. ఎడమ పక్క చానెల్ మొదలు. వేగం ఎక్కువ కాబట్టి పూసలు చుక్కల్లా కనబడవు, గీతల్లా సాగి చానెల్ వెడల్పంతా పచ్చగా పరుచుకున్నాయి. ఇప్పుడు మైక్రోస్కోప్ స్టేజిని కుడికి జరుపుతున్నాం. పచ్చదనం అంచుల నుంచి తగ్గుతోంది, మధ్యలోనూ పలచబడుతోంది. ఇంకాస్త జరిపితే రెండు సన్నటి గీతలు. పూస మందానికి కొంచెం ఎక్కువ, అంతే. చిప్‌కు కరెంటు లేదు, అయస్కాంతం లేదు, తొడుగు ద్రవం లేదు. సిరంజి పంపు ఒక్కటే.

ఇక సార్టింగ్. పక్కకు తోసే బలం, చానెల్ కొలతలు మారకుండా ఉంటే, కణం వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుందని సిద్ధాంతం. చానెల్‌లో చోటును బట్టి ఆ ఘాతం మారుతుంది గానీ తీరు అదే. అడ్డుపడే ద్రవపు ఈడ్పు వ్యాసంతో పాటు మామూలుగానే పెరుగుతుంది. అంటే 5 మైక్రాన్ల కణం కంటే 10 మైక్రాన్ల కణం పక్కకు జరిగే వేగం సుమారు 8 రెట్లు. పరిమాణంలో రెండింతల తేడాను ప్రవాహం ఎనిమిదింతల తేడాగా మన చేతికి ఇస్తోంది.

తిన్నటి చానెల్‌ను చుట్టలా తిప్పితే ఇంకో బలం తోడవుతుంది. గాజు గ్లాసులో టీ ఆకులు వేసి చెంచాతో తిప్పి చూడండి. బరువైన ఆకులు అంచుకు పోవాలి కదా అనుకుంటాం, కానీ అడుగున మధ్యకు చేరతాయి. అడుగు రాపిడికి అక్కడి నీళ్లు నెమ్మదిస్తాయి, బయటికి తోసే బలం అక్కడ తగ్గుతుంది, నీళ్లు అడుగు వెంట లోపలికి పారుతూ ఆకులను మోసుకొస్తాయి. నదుల వంపుల్లో జరిగేదీ ఇదేనని ఐన్‌స్టీన్ 1926లో ఒక వ్యాసం రాశాడు. కృష్ణ వంపు తిరిగే చోట నిలబడితే కనబడుతుంది, బయటి గట్టు కోసుకుపోతుంది, లోపలి గట్టున ఇసుక మేట వేస్తుంది. ఆ తర్వాత ఒకటి రెండేళ్లలోనే డబ్ల్యూ. ఆర్. డీన్ వంగిన గొట్టాల్లో ఈ ప్రవాహానికి లెక్క కట్టాడు. మధ్యలోని వేగమైన ద్రవం బయటి గోడ వైపు పోతుంది, పైనా కిందా ఉన్న నెమ్మది ద్రవం లోపలి గోడ వైపు తిరిగొస్తుంది. ఎదురెదురుగా తిరిగే రెండు సుళ్లు. వాటినే డీన్ సుళ్లు అంటాం.

స్పైరల్ చిప్‌లో కణం మీద ఈ సుడి ఈడ్పు ఒకటి, ముందు చెప్పిన తోపు ఒకటి. పెద్ద కణానికి తోపు గెలుస్తుంది, అది లోపలి గోడ దగ్గర కుదురుకుంటుంది. చిన్న కణం సుడితో పాటు తిరుగుతూ బయటి గోడ వైపు పోతుంది. చివర చానెల్‌ను రెండుగా చీల్చి రెండు ట్యూబుల్లో పట్టుకోవడమే. డిజైన్‌కు ఒక మోటు కొలత ఉంది: కణం వ్యాసం చానెల్ చిన్న కొలతలో 0.07 వంతు కంటే ఎక్కువ ఉంటేనే అది ఫోకస్ అవుతుంది. చానెల్ ఎత్తు 150 మైక్రాన్లు పెట్టామనుకోండి, 0.07 వంతు అంటే 10.5. ఎర్ర కణాలు దానికంటే చిన్నవి, సుడితో పోతాయి. క్యాన్సర్ కణాలు చాలావరకు పెద్దవి, లోపలి గోడను పట్టుకుంటాయి. ఎత్తు అనే ఒక్క కొలతతో హద్దు గీశాం. తెల్ల కణాల్లో పెద్దవి మాత్రం ఆ హద్దు దాటి క్యాన్సర్ కణాలతోనే వస్తాయి. పరిమాణం ఒక్కటే చూసే ఏ పద్ధతికైనా ఆ ఇబ్బంది తప్పదు.

ఇంకో పద్ధతి మీకు తప్పకుండా చెప్పాలి. 2004లో ప్రిన్స్‌టన్ నుంచి వచ్చింది. చానెల్ నిండా సన్నటి స్తంభాలు వరసలుగా నిలబెడతారు. ప్రతి వరసనూ ముందు వరస కంటే కొద్దిగా పక్కకు జరుపుతారు, స్తంభాల మధ్య దూరంలో పదో వంతు అనుకోండి. స్తంభం ఎదురైన ప్రతిచోటా ధార చీలుతుంది. చిన్న కణం తన ధారతోనే వంకరటింకరగా పోయి, మొత్తం మీద తిన్నగా పోయినట్టే అవుతుంది. పెద్ద కణం మధ్యభాగం ఆ సన్నని ధారలో ఇమడదు, ప్రతి స్తంభానికీ తగిలి పక్క ధారలోకి పడుతుంది, అలా వరస వరసకూ ఏటవాలుగా జరిగిపోతుంది. స్తంభాల మధ్య ఖాళీ 20 మైక్రాన్లు ఉంటే, పదో వంతు జరుపుకు హద్దు సుమారు 9 మైక్రాన్లు. గమనించారా, ఖాళీ కణం కంటే రెండింతలకు పైనే. జల్లెడలో అయితే కణం రంధ్రానికి అడ్డుపడుతుంది, ఇక్కడ దేనికీ అడ్డుపడదు. ఆ మొదటి పత్రంలోనే 0.8, 0.9, 1.0 మైక్రాన్ల పూసలను విడివిడిగా తీశారు. చూడ్డానికి ఇంతకంటే అందమైన చిప్ నాకు తెలియదు. కానీ మన పరిస్థితులకు మొదటి ఎంపికగా నేను దీన్ని చెప్పను. వేల స్తంభాలు నిటారుగా, కొలత తప్పకుండా నిలబడాలి, రక్తంలో ఒక్క చిన్న గడ్డ వచ్చి పడితే అక్కడి ధారలన్నీ దారి మారతాయి.

ధ్వనితో కూడా వేరు చేస్తారు. నీటిలో 2 మెగాహెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు 0.75 మిల్లీమీటర్లు. చానెల్ వెడల్పు అందులో సగం, 375 మైక్రాన్లు పెడితే మధ్యలో పీడనం మారని గీత ఏర్పడుతుంది. ఎర్ర కణాలు అక్కడికి చేరతాయి, కొవ్వు బొట్లు మాత్రం గోడల దగ్గరికి పోతాయి. గుండె ఆపరేషన్‌లో కారిన రక్తాన్ని తిరిగి ఎక్కించేటప్పుడు అందులో కలిసిన కొవ్వు బొట్లు మెదడుకు చేరడం ప్రమాదం. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయం వాళ్లు ధ్వనితో వాటిని తీసేయవచ్చని చూపించారు. విద్యుత్ క్షేత్రంతో, లేజర్‌తో చేసేవి కూడా ఉన్నాయి, వాటికి ఇంకో రోజు కావాలి.

మన ఊరి మాటకు వస్తాను. ఇక్కడికి దగ్గర్లోనే బేగంపేటలో రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టిన దోమలను కోసి, మైక్రోస్కోప్ కింద గంటల తరబడి వెతికి పట్టుకున్నాడు. 1902లో నోబెల్ వచ్చింది. మలేరియాకు రక్తపు స్మియర్ (గాజు పలక మీద పూసిన రక్తపు పొర) ఇప్పటికీ అలాగే చూస్తారు, ఒక మనిషి, ఒక మైక్రోస్కోప్, ఓపిక. పరాన్నజీవులు తక్కువుంటే ఎంత అనుభవమున్న టెక్నీషియన్‌కైనా కష్టమే. అయితే పరాన్నజీవి దూరిన ఎర్ర కణం గట్టిపడుతుంది, మామూలు కణంలా వంగదు. సన్నటి చానెల్‌లో రక్తం పారుతుంటే మెత్తటి ఎర్ర కణాలు మధ్యకు చేరి, గట్టివాటిని, తెల్ల కణాలను గోడల వైపు నెట్టేస్తాయి. మన రక్తనాళాల్లో కూడా తెల్ల కణాలు గోడ పక్కనే నడవడానికి ఇదే కారణం. సింగపూర్, ఎంఐటీ పరిశోధకులు 2010లో ఈ పద్ధతితోనే మలేరియా సోకిన కణాలను పక్క దారుల్లోకి మళ్లించి పట్టుకున్నారు. ముందు ఇలా పోగుచేసి తర్వాత స్మియర్ వేస్తే టెక్నీషియన్ కంటికి దొరికే అవకాశం ఎంత పెరుగుతుందో ఆలోచించండి. ఏజెన్సీ ప్రాంతాల్లో మలేరియాకూ సికిల్ సెల్‌కూ, రెంటిలోనూ కణం గట్టిపడుతుంది, ఇలాంటి చవక చిప్పులు రావాలని నా గట్టి కోరిక. ఫ్లో సైటోమీటర్ ఆదిలాబాద్ లోపలి పీహెచ్‌సీకి పోదు. అద్దం ముక్కంత చిప్, ఒక సిరంజి పోగలవు.

అయితే ఇలాంటి చిప్పుల మీద పరిశోధన పత్రాలు చదివేటప్పుడు ఒక్క అంకెకు లొంగిపోకండి. "99.9 శాతం రక్తకణాలను తొలగించాం" అని రాస్తారు. మిల్లీలీటరులో 500 కోట్ల ఎర్ర కణాలుంటే, 99.9 శాతం తీసేశాక మిగిలేది 50 లక్షలు. ఎర్ర కణాలను ముందే మందుతో పగలగొట్టి, 50 లక్షల తెల్ల కణాలతో మొదలుపెట్టినా 5,000 మిగులుతాయి. వాటి మధ్య మనకు కావలసిన క్యాన్సర్ కణాలు పది. మూడు అంకెలు కలిపి అడగాలి: బయటికొచ్చిన దాంట్లో మనకు కావలసినవి ఎంత వంతు, లోపలికి పంపిన వాటిలో ఎంత వంతు తిరిగి దొరికాయి, గంటకు ఎంత రక్తం నడిచింది. ఇందులో ఒకటి పెంచితే ఇంకోటి తగ్గుతుంది. ఇంకో ప్రశ్న కూడా అడగండి, పూసలతో చేశారా, రక్తంతో చేశారా? పూసలు ఒకదానికొకటి తగలనంత పలచగా ఉంటాయి. రక్తంలో 40, 45 శాతం కణాలే. అవి ఒకదాన్నొకటి గుద్దుకుంటూ వరసను చెదరగొడతాయి. పలచన చేయాల్సిందే, పలచన చేస్తే సమయం పెరుగుతుంది.

(ఇక్కడితో ప్రసంగం ఆపి ప్రశ్నలు తీసుకున్నారు.)

ప్రశ్న: సార్, మా ల్యాబ్‌లో సెంట్రిఫ్యూజ్ ఉంది. దానితో వేరు చేస్తూనే ఉన్నాం కదా?

చేయండి, దాన్ని తీసేయమని నేను అనను. సెంట్రిఫ్యూజ్ ప్రధానంగా సాంద్రతను బట్టి వేరు చేస్తుంది. సాంద్రత దగ్గరదగ్గరగా ఉండి పరిమాణం వేరుగా ఉన్నవాటికి, లేదా మెత్తదనం వేరుగా ఉన్నవాటికి అది సరిపోదు. పది కణాల కోసం వెతుకుతుంటే పైపెట్‌తో పొర తీసేటప్పుడే సగం పోవచ్చు. చాలా బృందాలు ముందు సెంట్రిఫ్యూజ్‌తో గానీ, అమ్మోనియం క్లోరైడ్‌తో ఎర్ర కణాలు పగలగొట్టి గానీ, ఆ తర్వాతే చిప్‌లోకి పంపుతారు.

ప్రశ్న: చిప్ జామ్ అయితే ఏం చేయాలి మేడమ్... సారీ, సార్?

చాలావరకు జామ్ మొదలయ్యేది చిప్ బయటే. పీడీఎంఎస్ అనే సిలికాన్ రబ్బరును దాన్ని గట్టిపరిచే ద్రవంతో పదికి ఒకటి పాళ్లలో కలిపి, బుడగలు తీసి, అచ్చు మీద పోసి ఓవెన్‌లో గట్టిపరుస్తారు కదా. ఆ తర్వాత ట్యూబు కోసం రంధ్రం పొడిచేటప్పుడు రబ్బరు పొట్టు లోపలే ఉండిపోతుంది. అది చూడకుండా గాజుకు అంటించేస్తే మొదటి నిమిషంలోనే చానెల్ మూసుకుపోతుంది. రంధ్రాన్ని రెండు వైపులా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, టేపుతో దుమ్ము లాగి, మైక్రోస్కోప్ కింద చూశాకే అంటించండి. పంపే ప్రతి ద్రవాన్నీ ఫిల్టర్ చేయండి, రక్తానికి గడ్డకట్టని మందు సరిగ్గా కలిసిందో లేదో చూసుకోండి. చిప్ మొదట్లో చానెల్ కంటే సన్నటి సందులున్న స్తంభాల వరస ఒకటి పెడితే పెద్ద చెత్త అక్కడే ఆగుతుంది. ఇంకోటి, మే నెలలో ఏసీ ఆగిపోయిన రోజు తీసిన రీడింగ్‌ను విడిగా రాసుకోండి. నీటి చిక్కదనం 20 డిగ్రీల దగ్గర ఉన్నదానికి 40 డిగ్రీల దగ్గర మూడింట రెండు వంతులే ఉంటుంది. పంపు వేగం మార్చకపోయినా రేనాల్డ్స్ సంఖ్య ఒకటిన్నర రెట్లవుతుంది, కణాల వరస కాస్త జరుగుతుంది. చిప్ చెడిపోయిందనుకుంటారు, మారింది గది.

ప్రశ్న: మా కాలేజీలో చిప్పులు చేయడానికి దుమ్ము లేని క్లీన్‌రూమ్ లేదు. ఇందులో ఏదైనా మేమే చేసి చూడగలమా?

చూడగలరు, చాలా బాగా చూడగలరు. రేనాల్డ్స్ సంఖ్య, కణానికీ గొట్టానికీ ఉన్న నిష్పత్తి సమానంగా ఉంటే పెద్ద గొట్టంలోనూ అదే జరుగుతుంది. 1961 ప్రయోగం సెంటీమీటరు గొట్టంలోనే కదా. 4 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం, మీటరు పొడవు ఉన్న గాజు ట్యూబు తీసుకోండి. థర్మాకోల్ తయారీకి వాడే, ఇంకా పొంగని పాలిస్టైరిన్ గింజలు దొరుకుతాయి. జల్లించి అర మిల్లీమీటరువి ఏరండి. వాటి సాంద్రత నీటి కంటే కాస్త ఎక్కువ, కాబట్టి ఉప్పునీళ్లు కావాలి. 7 శాతం ఉప్పు ద్రావణం సాంద్రత 1.05 దగ్గర ఉంటుంది. అక్కడి నుంచి కొంచెం కొంచెం పలచన చేస్తూ, గింజలు తేలకుండా మునగకుండా నిలిచే పాళ్లు పట్టుకోండి. ఒక బొట్టు సబ్బు నీళ్లు వేస్తే గింజలకు గాలి బుడగలు అంటుకోవు.

ట్యూబును నిలువుగా బిగించండి. పడుకోబెడితే సాంద్రతలో చిన్న తేడా ఉన్నా గింజలు అడుగుకు చేరి ప్రయోగం పాడవుతుంది. పైన బకెట్, కింద క్లిప్పు, నిమిషానికి 20 మిల్లీలీటర్ల ప్రాంతంలో వదలండి. రేనాల్డ్స్ సంఖ్య 100 చుట్టుపక్కల వస్తుంది. గుండ్రటి గాజు వంపు చూపును మోసం చేస్తుంది, కాబట్టి చూసే చోట ట్యూబు చుట్టూ చదునైన గోడలున్న గాజు పెట్టె కట్టి నీళ్లు నింపండి. పై భాగంలో గింజలు చెల్లాచెదురుగా, కింది భాగంలో మధ్యన పలచగా, రెండు పక్కలా దట్టంగా కనబడాలి. ఆ దట్టమైన చోటు మధ్య నుంచి ఎంత దూరమో ఫొటో తీసి స్కేలుతో కొలవండి, 0.6 వంతుకు ఎంత దగ్గరగా వచ్చిందో చూడండి. తర్వాత వేగం సగానికి తగ్గించి, ఈసారి వరస కుదురుకోవడానికి ట్యూబులో ఎంత పొడవు పట్టిందో కొలిచి రాసుకోండి.